బెరిల్ అడిగిన ఫెర్రెట్

వెల్‌థార్ప్, నాటింగ్‌హామ్‌షైర్
ఫిబ్రవరి 8, 1999

క్లిఫ్ అన్నయ్యకు,

కవరు మీద చేతిరాత చూసి కూడా దీన్ని పొయ్యిలో వేయకుండా ఇంతవరకూ చదివితే, ముందుగా థాంక్స్. నీకు ఉత్తరం రాసి పద్నాలుగేళ్ళయింది. క్రిస్మస్ కార్డులు లెక్కలోకి రావు. వాటికి నువ్వెప్పుడూ జవాబివ్వలేదు.

డెరెక్ నవంబరులో పోయాడు. గుండెపోటు. పొద్దున టీ పెట్టి తెచ్చేలోపు కుర్చీలో తల వాల్చేశాడు. నీకు కబురు పంపలేదు. పంపితే నువ్వనే మాట వినే ఓపిక అప్పుడు నాకు లేదు.

ఇప్పుడు రాసేది వేరే పని మీద. నాకో ఫెర్రెట్ కావాలి. నవ్వకు. ఇల్లు మరీ మూగదైపోయింది. పొద్దున లేచి నేను తిండి పెట్టకపోతే గొడవ చేసేది ఒకటి ఇంట్లో ఉండాలి. కుక్కను పెంచుకోమంటున్నారు అందరూ. కుక్కను రోజుకు రెండుసార్లు తిప్పాలి, నా మోకాళ్ళు ఒప్పుకోవు. పిల్లి అంటే డెరెక్‌కు పడేది కాదు. ఇప్పుడు తెచ్చుకుంటే ఆయన ఎప్పుడు పోతాడా అని కాచుకున్నట్టుంటుంది.

నాన్న తెల్ల ఫెర్రెట్ల సంతతి ఇంకా నీ దగ్గరే ఉందని విన్నాను. పోతులు కంపు కొడతాయి కాబట్టి ఆడదైతే మేలు. నాలాంటిదానికి ఫెర్రెట్ సరిపోతుందో లేదో నువ్వే చెప్పు. వాటి గురించి నీకంటే తెలిసినవాడు నా ఎరుకలో లేడు.

నీ చెల్లెలు,
బెరిల్


క్రాగ్‌బెక్, యార్క్‌షైర్
ఫిబ్రవరి 19

బెరిల్‌కు,

డెరెక్ పోయినందుకు బాధపడుతున్నానని రాస్తే అబద్ధమవుతుంది. అందుకని రాయడం లేదు.

ఫెర్రెట్ సంగతి అడిగావు, అదే రాస్తాను. అది జానెడున్నర పొడవున్న వెన్నెముక. దానికి నాలుగు పొట్టి కాళ్ళు, నోటి నిండా సూదులు. కుందేలు బొరియలో దూరి, లోపలున్నదాన్ని బయట పరిచిన వలలోకి తరమడానికి పుట్టింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని టీవీ చూడటానికి కాదు. నీ వంటింట్లో బొటనవేలు పట్టేంత కన్నం ఉంటే దాంట్లో దూరుతుంది, నువ్వు వారం రోజులు వెతుక్కుంటావు.

పెరడు ఉందా? గూడు ఎండ తగలని వైపు పెట్టాలి. ఎండకు తట్టుకోలేక చస్తాయి. రోజూ గడ్డి మార్చగలవా? వారానికోసారి చాలు అనుకునేదానివైతే వద్దు. నీకు జలుబు చేస్తే దానికీ చేస్తుంది, అప్పుడు దాని దగ్గరికి వెళ్ళకుండా ఉండగలవా? తిండి మాంసం. నాన్నలాగా పాలలో రొట్టె నానబెట్టి పెడితే ఒప్పుకోను. వంద ఏళ్ళుగా మనవాళ్ళంతా అదే పెట్టారు, విరేచనాలై చచ్చినవాటిని చూసి ఫెర్రెట్ బతుకు ఇంతే అనుకున్నారు. కుందేలును బొచ్చుతో సహా కోసి వేయాలి. నీకు చేతనవుతుందా? మొదటి వారం కరుస్తుంది. కరిచినప్పుడు చెయ్యి లాక్కోకూడదు, అరవకూడదు. ఎనిమిదేళ్ళు బతుకుతుంది. మధ్యలో విసుగొచ్చిందని తిరిగి పంపితే తీసుకోను.

ఇంకోటి కూడా నీకు తెలియాలి. ఎనభై నాలుగులో బొగ్గుగని సమ్మె జరిగిన ఏడాది మా వీధిలో పదకొండు ఇళ్ళలో కుండలోకి మాంసం వచ్చిందంటే అది ఈ ఫెర్రెట్ల పుణ్యమే. నేను మంచులో మోకాళ్ళ మీద కూర్చుని వలలు పరుస్తుంటే, నీ మొగుడు పోలీసుల కాపలాలో బస్సెక్కి గనికి పోయి జీతం తెచ్చుకున్నాడు. నువ్వు ఆ జనవరిలో ఒక పార్సిల్ పంపావు, గుర్తుందా? దాంట్లో పందిమాంసం హామ్ టిన్ను మూత తీసి ఫెర్రెట్లకు వేశాను. అవి తిన్నాయి. వాటికి సమ్మె అంటే తెలియదు.

ఇవన్నీ చదివాక కూడా కావాలనిపిస్తే రాయి.

క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్


వెల్‌థార్ప్
మార్చి 2

క్లిఫ్ అన్నయ్యకు,

చెల్లెలికి రాసే ఉత్తరం కింద ఇంటిపేరుతో సంతకం పెట్టినవాడివి నువ్వొక్కడివే ఉంటావు. ఆ హామ్ ఎవరో ఒకరు తిన్నందుకు సంతోషం.

పెరడుంది. గూడును ఉత్తరం గోడ నీడలో పెట్టించాను. నీ జవాబు రాకముందే పెట్టించాను, అది నా పొగరు. గడ్డి రోజూ మారుస్తాను. కుందేలును కోయడం అమ్మ నేర్పింది. నువ్వు తెచ్చి బల్ల మీద పడేస్తే చర్మం వలిచింది ఎవరనుకున్నావు? కరిస్తే అరవను. ముప్పై ఏళ్ళు బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకు వడ్డించాను, కరవడాలు నాకు కొత్తకాదు.

సమ్మె గురించి నువ్వు రాశావు కాబట్టి నేనూ ఒక్కసారి రాస్తాను, తర్వాత ఎత్తను. డెరెక్ చేసింది సరైన పనని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట అతనికి ఇంట్లో చెప్పాను, గట్టిగానే చెప్పాను. అయినా అతను నా మొగుడు. నాన్న అంత్యక్రియల రోజు నువ్వు చర్చి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి, "వీడు లోపలికొస్తే మేమంతా బయటికి పోతాం. నువ్వు మాత్రం రావచ్చు" అన్నావు. నేను అతనితో పాటు వెనక్కి వెళ్ళి కార్లో కూర్చున్నాను. నాన్న పెట్టెను మట్టిలోకి దించుతుంటే గోడ ఇవతల నుంచి పాట విన్నాను. అంత శిక్ష సరిపోలేదా?

సరే. ఫెర్రెట్ కావాలి. ఇస్తావా ఇవ్వవా?

బెరిల్


క్రాగ్‌బెక్
మార్చి 15

బెరిల్‌కు,

ఇరవై ఏడో తారీఖు, శనివారం, పదకొండు గంటలకు డాంకాస్టర్ బస్‌స్టాండులో మూడో నంబరు దగ్గర ఉండు. నాకోసం ఏమీ తేవద్దు.

క్లిఫ్


వెల్‌థార్ప్
ఏప్రిల్ 25

క్లిఫ్ అన్నయ్యకు,

నెల్లాళ్ళు ఆగి రాస్తున్నాను. వెంటనే రాస్తే ఏదో ఒకటి అనేసేదాన్ని. పద్నాలుగేళ్ళ తర్వాత చూశావు కదా, పెట్టె నా కాళ్ళ దగ్గర పెట్టి, "పేరు ఫ్లాసీ. రెండేళ్ళు నిండాయి. బస్సులో మూత తీయకు" అని చెప్పి వెనక్కి తిరిగావు. "టీ తాగుదాం రా" అన్నాను. "నా బస్సుంది" అన్నావు. నీ బస్సు ఇంకో నలభై నిమిషాలకు గానీ లేదు, బోర్డు మీద చూశాను. మెట్లెక్కేటప్పుడు రెండుసార్లు ఆగావు. ఒంట్లో బాగానే ఉందా?

ఫ్లాసీ సంగతి చెబుతాను. మొదటిరోజే నా చూపుడువేలు పట్టుకుంది. నువ్వు చెప్పినట్టే చెయ్యి లాక్కోలేదు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి కానీ నోరు మెదపలేదు. మూడోరోజుకు పిడికిలి చూపిస్తే నాకడం మొదలుపెట్టింది. ఇప్పుడు నేను వెనక తలుపు గడియ తీసిన చప్పుడుకే గూటి తీగల మీదికెక్కి నిలబడుతుంది. బయటికి వదిలితే వీపు విల్లులా వంచి, పక్కకు పక్కకు గెంతుతూ గంతులేస్తుంది. పక్కింటి హిల్డా గోడ మీదనుంచి చూసి, "ఇదేంటే బెరిల్, పిచ్చి పట్టిందా దీనికి?" అంది. "సంతోషం పట్టింది" అన్నాను. నేను గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆ మాట అన్నాక తెలిసింది.

ఇది చాలా శుభ్రమైన పిల్ల. దొడ్డికి ఎప్పుడూ ఒకే మూలకు వెళ్తుంది. గూట్లో నేను వేసిన గుడ్డలన్నీ బయటికి లాగి పారేసింది, డెరెక్ గనికి వేసుకెళ్ళే పాత కోటు వేస్తే దాని చేతిలోకి దూరి పడుకుంది. అప్పట్నుంచి అదే దాని పక్క.

ఇంకో సంగతి. రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది, అన్నవి కాబట్టి రాస్తున్నాను. పది రోజులుగా దాని తోక కింద వాపు కనిపిస్తోంది. రోజురోజుకూ పెద్దదవుతోంది. నొప్పి ఉన్నట్టు లేదు, బాగానే తింటోంది. ఏదైనా మందు రాయాలా, దానంతటదే తగ్గుతుందా?

బెరిల్


క్రాగ్‌బెక్
మే 6
(ఇది పోస్టు చేయలేదు. క్లిఫ్ సొరుగులో ఉండిపోయింది.)

బెరిల్,

అది జబ్బు కాదు. ఫ్లాసీ ఎదకొచ్చింది. ఆడ ఫెర్రెట్ ఎదకొస్తే కుక్కలాగా, పిల్లిలాగా దానంతటదే దిగిపోదు. పోతుతో కలిపేదాకా అలాగే ఉంటుంది. కలపకుండా వదిలేస్తే నెలా రెండు నెలల్లో రక్తం విరిగిపోతుంది. బొచ్చు రాలుతుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, వెనక కాళ్ళు పడిపోతాయి, చస్తుంది. దీనికి పెద్ద వైద్యమేమీ లేదు. ఎవరిదైనా పోతు దగ్గర ఒక రాత్రి ఉంచితే చాలు. అది ఇష్టం లేకపోతే పశువుల డాక్టరు ఒక సూది వేస్తాడు, దిగిపోతుంది.

పెట్టె నీకిచ్చిన రోజే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బస్‌స్టాండులో నీ మొహం అచ్చం అమ్మ మొహంలా ఉంది, చూడలేక వచ్చేశాను.

ఇప్పుడు చెబుతున్నాను. ఇంకా ఆలస్యం కాలేదు. అయినా ఈ కాగితం మడుస్తుంటే నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యమే కళ్ళ ముందు ఆడుతోంది. నాన్న చేత్తో పెంచిన సంతతి. సమ్మెలో మమ్మల్ని బతికించిన సంతతి. అది ఆ ద్రోహి గనికి వేసుకెళ్ళిన కోటులో పడుకుని నిద్రపోతోంది, నువ్వు దాన్ని ముద్దుగా రాస్తున్నావు, నేను చదివి సంతోషించాలి కాబోలు.

నువ్వు ఫెర్రెట్ల షెడ్డున్న ఇంట్లో పుట్టావు. ఈ మాత్రం నీకు తెలియదా? తెలిసే అడుగుతున్నావేమో. తెలియకపోతే మన ఇంటిని అంతగా మరిచిపోయావన్నమాట.


క్రాగ్‌బెక్
మే 14

బెరిల్‌కు,

ఉత్తరం అందింది. ఎండలు ముదురుతున్నాయి, గూటి మీద తడి గోనె వెయ్యి. గోళ్ళు నెలకోసారి కత్తిరించు. చచ్చిన కోడిపిల్లలు దొరికితే వేయొచ్చు, కానీ వాటి మీదే ఉంచకు.

ఆ కోటు తీసేసి ఎండుగడ్డి వెయ్యి.

క్లిఫ్


వెల్‌థార్ప్
జూన్ 13

అన్నయ్యా,

కోటు ఇంకా గూట్లోనే ఉంది. తీస్తే రెండు రోజులు తిండి మానేసింది, మళ్ళీ వేశాను. అది నాది కాదు, డెరెక్‌దీ కాదు, ఫ్లాసీది ఇప్పుడు. దానిమీద నీకు కోపం ఎందుకో నాకు అర్థమవుతుంది కానీ దానికి అర్థం కాదు.

వాపు గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. అంటే కంగారు పడాల్సిందేమీ లేదనే కదా? అలాగే అనుకుంటున్నాను. వాపు అలాగే ఉంది. ఇప్పుడు తోక మీద బొచ్చు రాలుతోంది, నడుం దాకా పలచబడింది. గంతులు తగ్గాయి. ఎండ వల్లేమో.

హిల్డా రోజూ నా ప్రాణం తీస్తోంది. "పశువుల డాక్టరుకు చూపించవే" అంటుంది. "మా అన్నయ్య యాభై ఏళ్ళుగా వీటి మధ్యే బతికాడు. ఆయన్ని మించిన డాక్టరు ఎక్కడున్నాడు?" అన్నాను. "అంత గొప్ప అన్నయ్యయితే ఒక్కసారైనా నీ గుమ్మం తొక్కలేదేం?" అంది. దానికి జవాబు నువ్వే చెప్పు. ఆగస్టులో ఒక ఆదివారం వస్తావా? వేయించిన గొర్రెమాంసం, పుదీనా పచ్చడి చేస్తాను. డెరెక్ ఫొటోలు లోపలి గదిలో పెట్టేస్తాను. నా ఇంట్లో నేను అంతకంటే ఎక్కువ తగ్గలేను.

బొచ్చు గురించి రాయి.

బెరిల్


క్రాగ్‌బెక్
జూన్ 22

బెరిల్‌కు,

వేసవిలో ఫెర్రెట్లు బొచ్చు మార్చుకుంటాయి. అన్నీ మార్చుకుంటాయి.

ఆగస్టు సంగతి ఇప్పుడే చెప్పలేను. ఇక్కడ దగ్గు ఎక్కువగా ఉంది. గని ఇచ్చిన దుమ్ము, ఇంకేముంది.

ఫొటోలు నీ ఇష్టం.

క్లిఫ్


వెల్‌థార్ప్
జూలై 18, ఆదివారం

అన్నయ్యా,

ఫ్లాసీ బాగాలేదు. పొద్దున గూటి తలుపు తీస్తే తీగల మీదికి రాలేదు. చేతిలోకి తీసుకుంటే గుడ్డముక్కలా వేలాడింది. కింద పెడితే వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి పడిపోయింది. చిగుళ్ళు చూశాను, కాగితంలా తెల్లగా ఉన్నాయి. కుందేలు కాలేయం సన్నగా తరిగి వేలితో పెడితే నా మీద జాలిపడ్డట్టు రెండుసార్లు నాకింది, అంతే.

బొచ్చు మార్చుకోవడం ఇలాగే ఉంటుందా? నాకు భయంగా ఉంది. నేనేం తప్పు చేశాను? గడ్డి ఒక్కరోజు కూడా మార్చకుండా లేను. పాలు, రొట్టె ఒక్కసారి కూడా పెట్టలేదు. నువ్వు చెప్పినవన్నీ కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అతికించుకున్నాను. ఏదో ఒకటి నేను మరిచిపోయి ఉంటాను. అదేమిటో చెప్పు, చేస్తాను. నీకు ఫోన్ ఉంటే ఈపాటికి చేసి ఉండేదాన్ని. ఎందుకు తీయించేశావు?

ఈ ఉత్తరం ఇప్పుడే డబ్బాలో వేస్తాను. దయచేసి వెంటనే రాయి.

బెరిల్


క్రాగ్‌బెక్
జూలై 20, మంగళవారం

బెరిల్, చెల్లీ,

దీన్ని చదవడం ఆపి ముందు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఫ్లాసీని కోటుతో సహా తీసుకెళ్ళు. ఏప్రిల్ నుంచి ఎదలోనే ఉందని, పోతుతో కలపలేదని చెప్పు. వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. సూది వేస్తారు, వీలైతే వేరే ఫెర్రెట్ రక్తం ఎక్కిస్తారు. వెళ్ళు.

వెళ్ళొచ్చాక మిగతాది చదువు.

నువ్వేమీ మరిచిపోలేదు. నేనే చెప్పలేదు. ఆడదాన్ని పోతుతో కలపకపోతే ఎద దిగదు, రక్తం పాడవుతుంది. మే నెలలోనే నీకంతా రాశాను. ఆ ఉత్తరం ఇంకా సొరుగులోనే ఉంది. కోటు మీద కోపంతో పోస్టు చేయలేదు. నీకు తెలిసే ఉంటుందిలే, షెడ్డున్న ఇంట్లో పెరిగింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బొచ్చు రాలుతోందని రాసినప్పుడు నాకు పూర్తిగా తెలుసు. తెలిసే ఆ రెండు వాక్యాలు రాశాను. రాశాక రెండు రోజులు తిండి సహించలేదు, అయినా ఇంకో ఉత్తరం రాయలేదు.

పొద్దున నీ ఉత్తరం చూడగానే చౌరస్తాలో ఫోన్ డబ్బాకు పోయాను. నీ నంబరు నా దగ్గర లేదు. నీ క్రిస్మస్ కార్డుల మీద రాసేదానివి, వాటిని ఏ ఏడాదివి ఆ ఏడాదే పొయ్యిలో వేశాను. డైరెక్టరీవాళ్ళు మీ పేరు మీద ఏమీ లేదన్నారు. బస్సెక్కుదామని స్టాపుదాకా నడిచాను, ఆ ఏటవాలులోనే ఊపిరందక కూలబడితే ఎవరో కార్లో ఇంటికి తెచ్చి దించారు.

ఇంకొకటి దాచాను. ఫ్లాసీయే ఆఖరిది. నా ఊపిరితిత్తులతో షెడ్డు కడగలేక అక్టోబరులో మిగతావన్నీ ఇచ్చేశాను, వాటిలో నాన్న సంతతి ఒక్కటీ లేదు. ఆ సంతతిలో మిగిలిన ఒక్కదాన్నీ నీకిచ్చాను. నువ్వే దాన్ని బాగా చూసుకుంటావని నమ్మే ఇచ్చాను. ఇచ్చాక ఇలా చేశాను.

బతికితే రాయి. ఒక్క పదమైనా చాలు.

క్లిఫ్


వెల్‌థార్ప్
ఆగస్టు 2

క్లిఫ్‌కు,

ఫ్లాసీ జూలై ఇరవై ఒకటి, బుధవారం మధ్యాహ్నం పోయింది. నీ ఉత్తరం గురువారం వచ్చింది.

నీ జవాబు కోసం మంగళవారం దాకా ఆగాను. బుధవారం పొద్దున హిల్డా తన కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు చిన్నపిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఫ్లాసీ నోరు తెరిచి చూసి, "ఎన్ని నెలల నుంచి ఎదలో ఉందండీ?" అంది. ఎద ఏమిటి, అది వాపు కదా అన్నాను. ఆ పిల్ల నెమ్మదిగా అంతా చెప్పింది. "ఫెర్రెట్లు పెంచేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. మీకు ఇచ్చినవాళ్ళు చెప్పలేదా?" అంది. "మా అన్నయ్య ఇచ్చాడు. యాభై ఏళ్ళుగా పెంచుతున్నాడు" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి, తర్వాత హిల్డా మొహం చూసి, ఇంకేమీ అడగలేదు. అప్పుడు నాకు అర్థమైంది. నీ ఉత్తరం రాకముందే అర్థమైంది. ఒక పరాయి పిల్ల నా మీద జాలిపడి నోరు మూసుకుంటే అర్థమైంది.

సూది వేసింది. రక్తం ఎక్కించడానికి వేరే ఫెర్రెట్ కోసం ఫోన్లు చేస్తుండగానే నా చేతిలో పోయింది.

నాకు తెలిసే ఉంటుందనుకున్నానని రాశావు. ఎలా తెలుస్తుంది? ఏప్రిల్ వచ్చిందంటే నాన్న నన్ను షెడ్డు దరిదాపులకు రానిచ్చేవాడా? "ఆడపిల్లవి, నీకిక్కడేం పని, లోపలికి పోయి అమ్మకు దుంపలు ఒలిచిపెట్టు" అనేవాడు. గుమ్మంలో నిలబడి నన్ను తరిమింది నువ్వు. నీకప్పుడు పదిహేనేళ్ళు, మగాళ్ళతో కలిసి లోపలుండే హోదా కొత్తగా వచ్చింది. ఫెర్రెట్లు పిల్లలు పెట్టాకే నాకు కనిపించేవి, అంతకు ముందేం జరిగేదో ఎవరూ చెప్పలేదు. అన్నయ్యకు తెలుసు కదా, అవసరమైతే చెబుతాడు అనుకునేదాన్ని. యాభై ఆరేళ్ళు వచ్చినా అదే అనుకున్నాను.

ఇంకొకటి కూడా విను. మా వీధి చివర టామ్ బర్కిన్ అని ఉన్నాడు. అతని దగ్గర ఎనిమిది ఫెర్రెట్లున్నాయి, అందులో రెండు పోతులు. నా గుమ్మం నుంచి అతని షెడ్డుకు మూడు నిమిషాల నడక. నాకు ఫెర్రెట్ మాత్రమే కావాలంటే ఫిబ్రవరిలో అతన్నే అడిగేదాన్ని. నాకు నువ్వు కావాలి కాబట్టి నీకు రాశాను. నిన్ను ఊరికే రమ్మంటే రావు, ఫెర్రెట్ అంటే కనీసం జవాబిస్తావు. అంతే ఆలోచించాను. ఫ్లాసీకి బాగాలేనప్పుడు కూడా టామ్ దగ్గరికి పోలేదు, నీ మాట మీద ఇంకొకర్ని అడిగితే నిన్ను తక్కువ చేసినట్టవుతుందని. దానిలో నా తప్పు కూడా ఉంది. నీ మీద నమ్మకం పెట్టుకుని ఒక మూగజీవాన్ని చంపుకున్నాను. అది నీ మీదకు తోయడం లేదు, నా వంతు నేనే మోస్తాను.

డెరెక్ మీద నీ కోపం నాకు అర్థమవుతుంది. నా మీద కోపం కూడా అర్థం చేసుకోగలను. నా ఉత్తరాలు చింపి పారేసి ఉంటే భరించేదాన్ని. కానీ నువ్వు ప్రతిదానికీ జవాబు రాశావు. గోళ్ళు కత్తిరించమని రాశావు. తడి గోనె వేయమని రాశావు. ఆ కాగితాలన్నీ నా వంటింటి తలుపు మీద ఉన్నాయి. వాటిని చూసి మా అన్నయ్య మారాడని హిల్డాకు చెప్పాను.

నాన్న సంతతి ఆఖరిది అదేనని రాశావు. అది చదివి నేను నీకోసం ఏడవాలనుకున్నావో ఏమో. ఫ్లాసీ కోసం ఏడ్చాను. నీకోసం ఏడుపు రాలేదు.

ఉత్తరాలు ఇక రాయను, నువ్వూ రాయకు. నీ ఒంట్లో బాగాలేదని తెలిసింది. లేవలేని పరిస్థితి వస్తే ఎవరితోనైనా కబురు పంపు, వస్తాను. ఈసారి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టడానికి నీకు ఓపిక ఉండదు. వండి పెడతాను, పక్క మారుస్తాను, దుప్పట్లు ఉతుకుతాను. మాట్లాడమని మాత్రం అడగకు. నీ డాక్టరు నీ గురించి ఏం చెప్పినా, ఎంత చెడ్డదైనా, నాకు తెలిసిన రోజే నీకు చెబుతాను.

బెరిల్